రెండో బ్రేకు

నవంబర్ 7, మంగళవారం

ఆ రోజు బ్రేకు తొక్కింది నేనా, మా అక్కా?

ఏడేళ్ళయింది. ఈ ఏడేళ్ళలో పెళ్ళిళ్ళలో పక్కపక్కన కూర్చున్నాం, ఆస్పత్రి వరండాలో ఒకే బెంచీ మీద కునికాం, ఇప్పుడు తొమ్మిది రోజులుగా ఒకే కార్లో ఊళ్ళు దాటుతున్నాం. ఒక్కసారీ అడగలేదు. అడిగితే చెప్పేస్తుందని భయం.

ఇవాళ కారు నడిపాను కాబట్టి మళ్ళీ గుర్తొచ్చింది. అవును, నడిపాను. ఇరవై రెండు కిలోమీటర్లు. 

స్కేలు పెట్టి గీసినట్టున్న రోడ్డు. రెండు పక్కలా ఎర్ర మట్టి, ముళ్ళ తుప్పలు, అంతే. అక్క ఉన్నట్టుండి కారు పక్కకు తీసి, దిగి, చుట్టూ తిరిగి వచ్చి నా కిటికీ మీద వేళ్ళతో కొట్టింది. జరగమంది. మ్యాపు ఒళ్ళో పెట్టుకుని రాణీగారిలా కూర్చోవడం అయిపోయిందనీ, తన నడుం పడిపోయిందనీ, లైసెన్సు ఉన్న మనిషి పర్సులో దాచుకోవడానికి అదేమన్నా పెళ్ళి ఫొటోనా అనీ సాధించింది. నేను లేవలేదు. తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది. ఎండ. లేచాను.

ఇది అక్క డ్రైవింగ్ స్కూలు కారు. పక్క సీటు కింద కూడా బ్రేకు, క్లచ్ ఉంటాయి. ఇరవై ఆరేళ్ళుగా అక్క ఉద్యోగం పక్క సీట్లో కూర్చోవడమే. ఎదుటివాళ్ళ కాలు ఆలస్యమైతే తన కాలు వేస్తుంది. ఎంత మెత్తగా వేస్తుందంటే, చాలామంది తామే ఆపామనుకుని మురిసిపోతారు. వాళ్ళ మురిపెం చెడగొట్టదు. అదే తన స్కూలు రహస్యమంటుంది.

నా బాధంతా అక్కడే. కారు వేగం తగ్గిన ప్రతిసారీ ఓరచూపుతో కిందికి, అక్క కాలి వైపు చూశాను. మూడోసారికి కనిపెట్టేసింది. వెనక సీట్లోంచి శాలువా తీసి మోకాళ్ళ మీద కప్పుకుంది. ఆ ఎండలో.

నవంబర్ 8, బుధవారం

నలభై కిలోమీటర్లు. ఒక లారీని దాటాను. లారీ ఆగి ఉంది. అయినా దాటాను.

సోమవారం గురించి ఆలోచించడం లేదు.

నవంబర్ 9, గురువారం

ఆలోచించడం లేదు గానీ, ఒకసారి రాసి పెట్టుకుంటే పోతుంది.

ఎడారి అంచున విశ్వవిద్యాలయం వాళ్ళ పరిశోధన కేంద్రం ఉంది. దానికి ఇన్‌ఛార్జి కావాలి, రెండేళ్ళు. నాలుగు గదులు, ఒక వాన కొలిచే గొట్టం, ఏడాదికి రెండుసార్లు వచ్చే విద్యార్థులు. దగ్గర్లో ఉన్న దుకాణం అరవై కిలోమీటర్లు. జీపు ఇస్తారు, డ్రైవరుని ఇవ్వరు. నేనడగలేదు, వాళ్ళే పిలిచారు. సోమవారం పదింటికి ఫోన్ చేసి వస్తానో రానో చెప్పాలి.

పద్దెనిమిదేళ్ళుగా నది నేలను ఎలా కోస్తుందో క్లాసులో నల్లబల్ల ముందు నిలబడి చెబుతున్నాను. కోసిన చోటు ఒక్కటీ కళ్ళతో చూడలేదు. ఈ ప్రయాణం అక్క పెట్టింది అందుకే. ముందు చూడవే, ఆ తర్వాత వాళ్ళకి చెబుదువుగాని అంది. పది ఊళ్ళు తిరిగి చివరికి నది కోసిన ఒక గండి దగ్గర ఆగాలని మ్యాపు మీద సున్నా చుట్టింది కూడా తనే.

సాయంత్రం ఆయన ఫోన్. సోమవారం సంగతి ఎత్తాను. "నీ ఇష్టం" అన్నాడు. మూడు నెలలుగా ఇదే. వద్దంటే పోట్లాడదామనీ, వెళ్ళమంటే ఏడుద్దామనీ సిద్ధంగా ఉన్న మనిషికి ఈ రెండు ముక్కలూ ఇస్తే ఏం చేసుకుంటుంది? అక్క పక్కనే బట్టలు మడతపెడుతూ వింది. మీ ఆయన మంచివాడే, పసుపు లైటు దగ్గరే ఆగిపోయాడంతే అంది.

నేను మాత్రం ఏ లైటు దగ్గర ఉన్నానని?

ఆ రోజు సంగతి కూడా రాసేస్తాను. లైసెన్సు వచ్చి రెండు నెలలు. ఈ కారే. నేను నడుపుతున్నాను, అక్క పక్క సీట్లో. మా వీధి చివర లాండ్రీ మూల తిరుగుతున్నాం. ఎవరో ఒకాయన బీరువాకి బిగించే నిలువుటద్దాన్ని అడ్డంగా పట్టుకుని రోడ్డు దాటుతున్నాడు. ఆయన కాళ్ళు, అద్దం, అంతే కనిపిస్తున్నాయి. ఆ అద్దంలో మా కారు మా మీదికే వస్తోంది. నా మొహం, అక్క మొహం. కారు ఆగింది. జానెడు దూరం. అద్దం పట్టుకున్నాయనకి ఏమీ తెలియదు, నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. అక్క "ఇవాళ్టికి చాలు" అంది. ఆ ఇవాళ ఏడేళ్ళు సాగింది. మళ్ళీ నేర్పుతాననలేదు, నేనూ అడగలేదు. పదిహేను వందల మందికి నేర్పిన మనిషి నాకు నేర్పడం చాలించిందంటే దాని అర్థం నాకు తెలుసు.

నవంబర్ 10, శుక్రవారం

చూశాను.

చూశాను, చూశాను. కాగితం చిరిగేలా రాస్తున్నానని అక్క నవ్వుతోంది.

జాతీయ పార్కు గేటు దగ్గర్నుంచి పీఠభూమి మీదికి పద్నాలుగు కిలోమీటర్ల కంకర రోడ్డు, ఏడు మలుపులు. అది మాత్రం అక్కే నడిపింది. నేను స్టీరింగు వైపు తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడితే, "ఇది నీది కాదులే" అంది. చల్లగానే అంది. గుచ్చుకుంది. పైకి వెళ్ళేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. తర్వాత గండి కనిపించింది, అలక ఎక్కడ పెట్టానో నాకే తెలియలేదు.

పాఠంలో అగాధదరి అంటాను. నల్లబల్ల మీద పెద్ద 'వి' గీసి, అడుగున నీలం సుద్దతో ఒక వంకర గీత. ఇక్కడ 'వి' లేదు, ఏమీ లేదు. చదునైన నేల, నడుచుకుంటూ వెళ్తే ఒక చీలిక. ఒక చోట అటొక కాలూ ఇటొక కాలూ వేసి నిలబడవచ్చు. కింద రెండు తాటిచెట్లంత లోతు. లోపలి గోడలు పిండి పిసికి వేలితో రాసినట్టున్నాయి, గులాబీ, ఇటుక రంగు, ఒక మలుపులో ఊదా. రాయి విసిరాను. చప్పుడు వచ్చేదాకా లెక్కపెట్టాను. మళ్ళీ విసిరాను. నలభై అయిదేళ్ళ మనిషిని, పద్దెనిమిది రాళ్ళు విసిరాను, చివరికి పార్కు మనిషి వచ్చి చాలన్నాడు.

రేపు తాళ్ళ మీద లోపలికి దిగుతున్నాం. పార్కు ఆఫీసులో కాగితం నింపమన్నారు. ఎత్తంటే భయమా అన్న చోట అవునుకీ కాదుకీ మధ్య టిక్కు పెట్టాను. అక్క చదవకుండానే కాదు దగ్గర పెట్టింది. మమ్మల్ని దింపే ఆవిడకి అరవై దగ్గర ఉంటాయి, చేతులు కొబ్బరి పీచులా ఉన్నాయి. పార్కులో అందరూ పెద్దమ్మ అంటారు. అక్క మాత్రం తాళ్ళమ్మ అని పేరు పెట్టేసింది. నా కాగితం చూసి, మధ్యలో టిక్కు పెట్టినవాళ్ళే బాగా దిగుతారంది. అందరికీ ఇదే చెబుతుందేమో.

ఆకలి వేయడం లేదు. 

నవంబర్ 11, శనివారం

వరసగా రాయాలి. లేకపోతే రేపటికి నేనే దీన్ని నమ్మను.

పొద్దున్న ఆరింటికే పైన ఉన్నాం. నడుముకీ తొడలకీ బెల్టులు, నెత్తిన టోపీ. మూడు చోట్ల తాడు మీద దిగాలి, ఒకదాన్ని మించి ఒకటి లోతు. తాళ్ళమ్మ పద్ధతి చెప్పింది. మొదట దిగే మనిషికి పైనుంచి తనే ఇంకో తాడు పట్టుకుంటుంది. ఆ మనిషి అడుగుకి చేరాక, తర్వాత దిగేవాళ్ళ తాడు కొసని కింద పట్టుకుని నిలబడాలి. పైవాళ్ళ చెయ్యి జారితే కిందికి లాగి బిగించాలి. బిగిస్తే కొక్కెంలో తాడు పట్టేసి వాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోతారు. తర్వాత వదిలితే మళ్ళీ దిగుతారు. అంతే. లాగాలా వద్దా అన్నది కిందివాళ్ళ కళ్ళ పని అంది.

నేను అక్క వైపు చూశాను. అక్క నా వైపు చూడలేదు. బెల్టు బకిల్ పెడుతోంది, పెడుతూనే ఉంది. అప్పుడు చూశాను, వేళ్ళు కుదరడం లేదు. "నువ్వెళ్ళు, నీ వెనకే వస్తా" అంది. నా జీవితంలో అక్క నన్ను ముందు వెళ్ళమనడం అదే మొదలు. పదిహేను వందల మంది పక్కన కూర్చున్న మనిషికి ఇక్కడ కాలు పెట్టడానికి పెడల్ లేదు.

మొదటిసారి వెనక్కి వాలి అంచు దాటినప్పుడు నా నోట్లోంచి వచ్చిన కూత నాదని నమ్మలేను. భయం కూత కాదు. చిన్నప్పుడు ఉయ్యాల ఎత్తుకి వెళ్ళినప్పటి కూత. గోడ మీద కాళ్ళు పెట్టి నడిచాను. గోడ మీద. ముక్కుకి జానెడు దూరంలో, నేను పరీక్షల్లో అయిదు మార్కులకి అడిగే అడ్డం పొరలు. చెయ్యి పెట్టి తడిమాను. చల్లగా ఉన్నాయి, వేలికి ఇసుక రాలింది. అడుగున మోకాలి లోతు నీళ్ళు, పైన చెంపపిన్నంత ఆకాశం. మళ్ళీ ఎక్కి మళ్ళీ దిగాలనిపించింది.

రెండోది కూడా అయింది. అక్క కళ్ళు మూసుకుని దిగింది, నోటితో తాళ్ళమ్మ వంశాన్ని మొత్తం తిడుతూ.

మూడోది అరవై అడుగులు. నేను కిందికి చేరి తాడు పట్టుకున్నాను. అక్క సగం దాకా బాగానే వచ్చింది. చాలా బాగా వచ్చింది. కాస్త వేగం పెరిగింది, అంతే. చెయ్యి జారలేదు, అరవలేదు. నాకు మాత్రం పడిపోతోందనిపించింది. అనిపించడం కూడా కాదు, నేను అనుకునేలోపే నా చేతులు లాగేశాయి. రెండు చేతులతో, ఒంటి బరువంతా వేసి. అక్క గాల్లో ఠక్కున ఆగి, బొంగరంలా తిరిగి, మోకాలు వెళ్ళి గోడకి కొట్టుకుంది. ఆ చప్పుడు గండి మొత్తం తిరిగి వచ్చింది.

వదలమని పైనుంచి తాళ్ళమ్మ. వదలవే అని మధ్యనుంచి అక్క. నేను వదల్లేకపోయాను. ఎంతసేపో తెలియదు. తాళ్ళమ్మ తర్వాత అరనిమిషమంది. అక్క పది నిమిషాలంటోంది.

దిగాక చూస్తే మోకాలు అప్పుడే బత్తాయిలా ఉంది. ఏడుస్తానేమోనని అక్క ముందే నవ్వడం మొదలుపెట్టింది. నేను జారలేదే తల్లీ, ఎందుకు లాగావు అంది.  పోనీలే, నా దగ్గరే నేర్చుకున్నావు కదా, నేనూ అంతే, సగం సార్లు అక్కర్లేకపోయినా తొక్కుతానంది.

గండిలోంచి పార్కింగ్‌కి రాతి మెట్ల దారి. నలభై నిమిషాలది రెండు గంటలు పట్టింది, చెరో పక్కా నేనూ తాళ్ళమ్మా పట్టుకుంటే. కారు దగ్గరికి వచ్చాక తాళ్ళమ్మ తన జీపు చూపించింది. అక్కని గేటు దగ్గర ఆస్పత్రి గదికి తనే దింపుతుందట, మా కారు రేపెవరైనా తెస్తారట. నేను అప్పటికే జీపు తలుపు తీశాను.

అక్క కదలలేదు. "నా కారు ఇక్కడ వదలను. మా చెల్లెలు నడుపుతుంది."

మోకాలు మడవడం రాదు. ముందు సీట్లో కూర్చోలేదు. వెనక సీట్లో కాలు చాపుకుని గోడకి చేరబడ్డట్టు కూర్చుంది. అంటే నా పక్క సీటు ఖాళీ. నిన్న తనే నాది కాదన్న రోడ్డు. నేను బయటే నిలబడ్డాను. అప్పుడు అడిగాను. ఏడేళ్ళది, అలా పార్కింగ్‌లో, టోపీ కూడా తియ్యకుండా.

"ఆ రోజు అద్దం ముందు నువ్వు తొక్కావు కాబట్టి ఆగింది. ఇవాళ ఎవరు తొక్కుతారు?"

"నేనెక్కడ తొక్కాను?" అంది. "నేను బ్యాగులో కళ్ళజోడు వెతుక్కుంటున్నా. తలెత్తేసరికి కారు ఆగి ఉంది, ఎదురుగా నా మొహమే ఉంది."

"మరి మళ్ళీ ఎందుకు నేర్పలేదు?"

అక్క సీటు మీది దుమ్ము దులిపింది. తాళ్ళమ్మ జీపు చుట్టూ అనవసరంగా ఒకసారి తిరిగింది.

"నా కాలు పెడల్ మీద లేదే. అదొక్కటే కదా నా పని. పక్కన చెల్లెలు కూర్చుంటే కాలు తీసేశాను. ఆ తర్వాత నీ పక్కన ఏ మొహం పెట్టుకుని కూర్చోను? మూడు నెలలు ఎవరికీ నేర్పలేదు. మీ బావకి నడుం నొప్పని చెప్పాను."

నేను వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాను.  

పద్నాలుగు కిలోమీటర్లు, అంతా దిగుడు. ముందు తాళ్ళమ్మ జీపు దుమ్ము. మొదటి మలుపులో నా వీపు మీద చెమట కాలువ కట్టింది. రెండో మలుపు బాగా వచ్చింది. మూడోది ఎంత బాగా వచ్చిందంటే, కిటికీ దించి మోచెయ్యి పెట్టాను, సినిమాల్లోలా. వెనకనుంచి వేషాలు చాలించమంది అక్క. నాలుగో మలుపు తిరగ్గానే రోడ్డు మధ్యలో కొండమేక. వంకీల కొమ్ములు, గడ్డం, మహా తీరిగ్గా నిలబడి ఉంది.

కారు ఆగింది.

పక్క సీటు వైపు చూశాను. ఖాళీ. అక్కడ నా చెప్పులూ నీళ్ళ సీసా తప్ప ఎవరూ లేరు.  మేక మమ్మల్ని ఒకసారి పైకీ కిందికీ చూసి, మేం పెద్దగా పట్టించుకోదగ్గ మనుషులం కాదని తేల్చుకుని కొండెక్కింది.

"క్లచ్ మర్చిపోయావు. ఇంజన్ ఆగింది, మళ్ళీ స్టార్ట్ చెయ్యి" అంది అక్క. 

గేటు దాకా పాట పాడాను. మాటలు రాకపోయినా పాడాను. నాకు ఇంత సంతోషం ఎప్పుడు కలిగిందో వెనక్కి వెళ్ళి వెతికితే దొరకలేదు.

నవంబర్ 12, ఆదివారం

ఎముక విరగలేదు. వారం రోజులు కాలు కదపకూడదు. అక్క మంచం మీద మహారాణిలా కూర్చుని, ఐసు ముక్కల సంచీ మోకాలి మీద పెట్టుకుని, వచ్చిన ప్రతివాళ్ళకీ నా చెల్లెలు నన్ను గాల్లో వేలాడదీసిందని చెబుతోంది. గది ఊడ్చే ఆవిడకి రెండుసార్లు చెప్పింది. రెండోసారికి అరవై అడుగులు నూటయాభై అయ్యాయి.

నాకు ఒక విషయం అడ్డం పడుతోంది. అద్దంలో ఇద్దరి మొహాలూ నాకు గుర్తు. అక్క మొహం సూటిగా చూస్తోంది, కళ్ళు ఇంతింతలు. బ్యాగులోకి వంగిన మనిషి మొహం అద్దంలో ఎలా కనిపిస్తుంది? ఆగాక తలెత్తి ఉండాలి. లేదా నేను ఆ బొమ్మని తర్వాత తయారుచేసుకుని ఉండాలి. లేదా నిన్న నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టడానికి ఆ నిమిషంలో అక్కే ఆ కథ అల్లి ఉండాలి. అక్క అల్లగలదు. ఎవరి మురిపెమూ చెడగొట్టని మనిషి.

మళ్ళీ అడగను. నడుం నొప్పని పని మానేసిన మాట మాత్రం నిజం. ఆ మూడు నెలలూ బావ మందుల కోసం తిరగడం నేను చూశాను.

మధ్యాహ్నం ఆయనకి ఫోన్ చేసి అంతా చెప్పాను. నువ్వేనా నడిపిందని మూడుసార్లు అడిగాడు.  మళ్ళీ నీ ఇష్టమంటాడని చెవి రిక్కించుకుని ఉన్నాను. "నువ్వెళ్తే నాకు బాగుండదు" అన్నాడు. "వెళ్ళకపోతే నీకు బాగుండదు. మూడు నెలలుగా ఇది ఎలా చెప్పాలో తెలియక అలా అంటున్నాను."

ఇరవై ఏళ్ళలో ఆయన నోట ఇంత పొడుగు మాట ఎప్పుడూ వినలేదు. పోట్లాడటానికి దాచుకున్నదంతా ఏమైందో తెలియదు. శనివారాలు వస్తావా అని అడిగాను. అక్కడ ఏముంటుంది అన్నాడు. రాళ్ళుంటాయి, విసరచ్చు అన్నాను.

నవంబర్ 13, సోమవారం

పదింటికి చెయ్యాలి. తొమ్మిదిన్నరకి బయటికి వెళ్ళి కారులో కూర్చున్నాను, ఊరికే. పదిన్నరకి చేశాను. అటు ఫోనెత్తిన పెద్దాయన రెండు ముక్కల్లో అడిగాడు. వస్తారా? వస్తాను. బండి నడుపుతారా? నడుపుతాను. ఒకటో తారీఖు ఉదయం తాళాలు ఇస్తామన్నాడు. అయిపోయింది. నా గొంతు ఎంత తేలిగ్గా వచ్చిందంటే, ఇంకెవరో నా వెనక నిలబడి చెప్పినట్టుంది.

అక్కకి చెప్పాను. పడుకునే చెయ్యి చాపి నా చెవి మెలిపెట్టింది. తిరుగు ప్రయాణం ఇంకా ఆరు వందల కిలోమీటర్లుంది, అదంతా నువ్వే, ఎక్కువ పొంగిపోకు అంది.

పొంగిపోతూనే ఉన్నాను. బట్టలు సర్దుతూ రెండుసార్లు ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఒక సంగతి మాత్రం నిజాయితీగా రాసుకోవాలి, ఇక్కడ అబద్ధం చెప్పి ఎవరిని నమ్మించాలి? ఆ నాలుగు గదుల్లో రెండేళ్ళు ఉండాలని నాకు నిజంగా ఉందా, లేక ఉండగలిగిన మనిషినని తెలుసుకోవాలని మాత్రమే ఉండిందా? ఆ తెలుసుకోవడం శనివారమే అయిపోయిందా? ఫోన్ పెట్టేసినప్పటి నుంచీ అడుగుతున్నాను. వస్తానన్నాను, వెళ్తాను. ఎందుకు వెళ్తున్నానో మాత్రం ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.